వర్క్‌స్టేషన్ పెట్టెలో ఇంకేం పడుతుంది? లెక్క తీసే పద్ధతి

లక్షలు పోసి వర్క్‌స్టేషన్ (బరువైన పనులకి చేసిన కంప్యూటర్) కొన్న స్టూడియోకి రెండో ఏడు మాఘమాసం ముహూర్తాలు వచ్చేసరికి అది చాలదనిపిస్తుంది. ఇంకో గ్రాఫిక్స్ కార్డు పెడదాం, ర్యామ్ రెట్టింపు చేద్దాం, డిస్కులు నాలుగు ఎక్కిద్దాం అనుకుని మూత తీస్తారు. స్లాటు ఉంటుంది, దానికి కరెంటు వైరు ఉండదు. వైరు ఉంటే కార్డు పొడవు పట్టదు. రెండూ కుదిరితే కార్డు వేగం సగానికి పడిపోతుంది. పాలకొల్లు, భీమవరం, అమలాపురం, రాజమండ్రిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకైనా, చెరువుల మీద డ్రోన్ ఎగరేసి సర్వే మ్యాపులు తీసేవాళ్లకైనా ఎదురయ్యేది ఇదే.

ధర ఎక్కువైతే పెంచుకునే చోటు కూడా ఎక్కువ ఉంటుందనుకోవడం తప్పు. 2013లో వచ్చిన గుండ్రటి మ్యాక్ ప్రో అప్పట్లో ఆపిల్ అమ్మిన అన్నిటికన్నా ఖరీదైన డెస్క్‌టాప్. లోపల మామూలు పీసీఐఈ స్లాటు (కార్డులు గుచ్చే గాడి) ఒక్కటీ లేదు. రెండు గ్రాఫిక్స్ బోర్డులూ సొంత ఆకారంలో ఉండేవి, వాటి బదులు బయట కొన్న కార్డు పెట్టే దారే లేదు. చిన్న సైజు బ్రాండెడ్ వర్క్‌స్టేషన్లలోనూ ఇలాంటి ఇబ్బందే ఉంటుంది. మామూలు అసెంబుల్డ్ క్యాబినెట్‌లో పట్టేవి వాటిలో పట్టవు.

ఏ పెట్టె ఎంతవరకు పెరుగుతుందో చెప్పేవి నాలుగు లెక్కలు: లేన్లు (కార్డులకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా నడిచే దారులు), వాట్లు, మిల్లీమీటర్లు, ర్యామ్ గూళ్లు. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకున్నాకే డబ్బు బయటికి తియ్యండి.

ముందు ఏది చాలట్లేదో చూడండి

చాలామంది నేరుగా గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వెళ్తారు. సగం సందర్భాల్లో అడ్డం పడేది అది కాదు. మీకు బాగా బరువైన ప్రాజెక్టు తెరిచి, టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీ పక్కన పెట్టుకుని పది నిమిషాలు పని చెయ్యండి. మెమరీ 90 శాతం దాటి అక్కడే నిలిచిపోతే ర్యామ్ తక్కువ. డిస్కు వంద శాతం దగ్గర కూర్చుంటే నిల్వ వేగం తక్కువ. గ్రాఫిక్స్ దగ్గర రెండు అంకెలుంటాయి: పని శాతం ఒకటి, డెడికేటెడ్ మెమరీ ఇంకోటి. పని శాతం 40లోనే ఉన్నా మెమరీ నిండిపోతే కార్డు ఊపిరాడక ఆగుతోందన్నమాట. అప్పుడు రెండో కార్డు పెట్టినా లాభం లేదు. రెండు కార్డుల మెమరీ కలిసి ఒకటి కాదు, ఒక్కో కార్డు తన పనికి కావలసినదంతా తన దగ్గరే పెట్టుకోవాలి. ఎక్కువ మెమరీ ఉన్న ఒకే కార్డుకి మారాలి.

డిస్కు లెక్క చేతి మీద వేసుకోవచ్చు. 4కే యూహెచ్‌డీ, సెకనుకి 25 ఫ్రేములు, ప్రోరెస్ 422 హెచ్‌క్యూ (ఎడిటింగ్‌కి వాడే ఆపిల్ వీడియో ఫార్మాట్) అయితే సెకనుకి 737 మెగాబిట్లు, అంటే సుమారు 92 మెగాబైట్లు. గంట ఫుటేజీకి 332 జీబీ. మండపంలో నాలుగు కెమెరాలు పెట్టి మల్టీక్యామ్‌లో నాలుగూ ఒకేసారి ఆడిస్తే సెకనుకి 370 మెగాబైట్ల దాకా కావాలి. మామూలు హార్డ్ డిస్కు ఒక్కటి 200 దాటడం కష్టం, అందుకే ఆగి ఆగి ఆడుతుంది. 550 ఇచ్చే సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్కు వైరుకే తగిలే, తిరిగే భాగాలు లేని డిస్కు) ఒక్కటి పెడితే సరిపోయే చోట, గ్రాఫిక్స్ కార్డు మార్చి లక్ష పోగొట్టుకుంటారు.

ఇంకో చిక్కు ఉంది. దీన్ని షాపులో ఎవరూ చెప్పరు. ఇప్పటి కెమెరాల్లో హెచ్ఈవీసీ 10 బిట్ 4:2:2 (ఎక్కువ రంగు వివరం ఉంచి గట్టిగా కుదించిన వీడియో) రికార్డింగ్ మామూలైపోయింది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ దాకా వచ్చిన కార్డులకి ఈ రకం ఫైలుని హార్డ్‌వేర్‌లో విప్పే శక్తి లేదు, 50 సిరీస్‌తో వచ్చింది. ఇంటెల్ 12వ తరం, ఆ తర్వాతి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉన్నవి ఆ పని సునాయాసంగా చేస్తాయి. పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే ఆ గ్రాఫిక్స్ ఉండదు. పెద్ద వర్క్‌స్టేషన్లలో వచ్చే జియాన్ డబ్ల్యూ 2400, 3400 తరాల్లోనూ, థ్రెడ్‌రిప్పర్‌లోనూ ఉండదు. అందుకే అంత ఖరీదైన వర్క్‌స్టేషన్ మీద టైమ్‌లైన్ తడబడుతుంటే, పక్క షాపులో ఐ7 హాయిగా ఆడిస్తుంది. ఇక్కడ ఇంకో 40 సిరీస్ కార్డు పెట్టడం దండగ. ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలిక కాపీలు) చేసుకోండి, లేదా 50 సిరీస్ కార్డుకి మారండి.

మూత తీసి కొలవడం

షట్‌డౌన్ చెయ్యండి. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) వెనక స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఆన్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. లోపల కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోతుంది. పెయింటు లేని ఇనుప భాగాన్ని ముట్టుకుని అప్పుడు చెయ్యి లోపల పెట్టండి. మన దగ్గర గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి స్టాటిక్ తక్కువే, కానీ ఏసీ గదిలో సింథటిక్ చొక్కా వేసుకున్న రోజున ఆ భరోసా ఉండదు.

ఒక ఫోటో తియ్యండి. తర్వాత స్టీలు స్కేలు తీసుకోండి. వెనక బ్రాకెట్ లోపలి అంచు నుంచి ముందు ఫ్యాను దాకా ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవండి. అది కార్డు పొడవుకి హద్దు. ఆ దారిలో హార్డ్ డిస్కు తొట్టి అడ్డం వస్తే దాని దాకానే లెక్క. రెండోది వెడల్పు: స్లాటుకి స్లాటుకి మధ్య 20.32 మిల్లీమీటర్లు. మూడు స్లాట్ల మందం ఉన్న కార్డు 60 మిల్లీమీటర్లు తింటుంది, కింద రెండు స్లాట్లు కనపడకుండా పోతాయి. మూడోది ఎత్తు, దీన్నే ఎక్కువమంది మర్చిపోతారు. వెనక బ్రాకెట్ 120 మిల్లీమీటర్లుంటే పూర్తి ఎత్తు కార్డు పడుతుంది, 79 మిల్లీమీటర్లే ఉంటే లో ప్రొఫైల్ కార్డులు తప్ప ఏవీ పట్టవు. పక్క మూతకీ కార్డు పై అంచుకీ మధ్య కనీసం 35 మిల్లీమీటర్ల ఖాళీ చూసుకోండి. కొత్త 16 పిన్నుల కరెంటు వైరుని మొదట్లోనే మడిచి మూత బలవంతంగా వేస్తే కనెక్టరు సరిగ్గా కూర్చోక, వేడెక్కి కరుగుతుంది.

లో ప్రొఫైల్ పెట్టెలకి దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఆర్‌టీఎక్స్ ఏ2000 అనే కార్డు 70 వాట్లతో నడుస్తుంది, 6 జీబీ, 12 జీబీ రకాలున్నాయి. ఆర్‌టీఎక్స్ 4000 ఎస్ఎఫ్ఎఫ్ ఆడా కూడా 70 వాట్లే, 20 జీబీ మెమరీతో వస్తుంది. రెండూ రెండు స్లాట్ల మందం, విడిగా కరెంటు వైరు అక్కర్లేదు. ఖరీదు మాత్రం ఎక్కువే. కొనేటప్పుడు పొట్టి బ్రాకెట్ డబ్బాలో ఉందో లేదో అక్కడే విప్పి చూడండి. సెకండ్‌హ్యాండ్ కార్డుకి అది తరచూ పోయి ఉంటుంది, విడిగా దొరకడం కష్టం.

లేన్లు: తూములు పెంచితే నీళ్లు పెరగవు

ధవళేశ్వరం దగ్గర కాలువకి వదిలిన నీళ్లు ఎన్నో, శివారు దాకా పంచుకునేవి అన్నే. తూములు పది కొట్టినా నీటి చుక్క పెరగదు. మదర్‌బోర్డు మీద స్లాట్లు తూముల్లాంటివి, ప్రాసెసర్ ఇచ్చే పీసీఐఈ లేన్లే కాలువ.

పీసీఐఈ మూడో తరం, అంటే జెన్ 3లో ఒక్కో లేన్‌కి సెకనుకి సుమారు 1 జీబీ, జెన్ 4లో 2, జెన్ 5లో 4. ఇంటెల్ 12, 13, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 20 లేన్లిస్తాయి: గ్రాఫిక్స్‌కి 16, ఒక ఎన్‌వీఎంఈకి (లేన్ల మీద నేరుగా నడిచే వేగమైన ఎస్ఎస్‌డీ) 4. రైజెన్ 7000 తరం 28 ఇస్తుంది, అందులో 4 చిప్‌సెట్‌కే (మదర్‌బోర్డు మీది సహాయక చిప్) పోతాయి. జియాన్ డబ్ల్యూ 2400 తరం 64, డబ్ల్యూ 3400 తరం 112, థ్రెడ్‌రిప్పర్ ప్రో 7000 తరం 128. వర్క్‌స్టేషన్ అనే పేరు చూసి మోసపోవద్దు. అదే కంపెనీ అదే పేరుతో చిన్న మోడల్‌లో కోర్ ఐ9 పెట్టి అమ్ముతుంది, దానికి లేన్లు 20కి మించవు. రెండు కార్డులు, నాలుగు ఎన్‌వీఎంఈలు, 10 గిగాబిట్ నెట్‌వర్క్ అన్నీ కావాలంటే జియాన్ డబ్ల్యూనో థ్రెడ్‌రిప్పరో ఉండాలి, మధ్యేమార్గం లేదు.

మిగతా స్లాట్లన్నీ చిప్‌సెట్ నుంచి వస్తాయి. అవి శివారు భూములు. ఏఎమ్5 (రైజెన్ 7000 పెట్టే) బోర్డుల్లో చిప్‌సెట్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉన్నది జెన్ 4 నాలుగు లేన్లే, అంటే సెకనుకి 8 జీబీ లోపు. రెండు ఎన్‌వీఎంఈలు, సాటా డిస్కులు, యూఎస్‌బీ, నెట్‌వర్క్ అన్నీ ఆ ఒక్క దారిలోనే రావాలి. ఒక్కొక్కటి విడిగా పరీక్షిస్తే ప్రతిదీ వేగంగానే కనిపిస్తుంది. ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకి కాపీ చేస్తూ నెట్‌వర్క్ వాడినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

పొడుగ్గా ఉన్న స్లాటు ఎక్స్16 (16 లేన్లది) అని నమ్మొద్దు. రెండో పొడుగు స్లాటులో లోపల టార్చి వేసి చూడండి. బంగారు రంగు పిన్నులు చివరి దాకా ఉంటే ఎక్స్16, సగం దాకా ఉంటే ఎక్స్8, పావు దగ్గరే ఆగిపోతే ఎక్స్4. మాన్యువల్‌లో ఈ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదే పేజీలో ఇంకో మాట కూడా వెతకండి: ఫలానా ఎమ్.2 గూట్లో ఎస్ఎస్‌డీ పెడితే సాటా 5, 6 పనిచెయ్యవు అని. కొత్త ఎస్ఎస్‌డీ పెట్టగానే పాత హార్డ్ డిస్కు మాయమైతే పాడైపోయిందని కంగారు పడకండి, దాని కేబుల్ వేరే సాటా పోర్టుకి మార్చండి.

నాలుగు ఎన్‌వీఎంఈలు ఒకే కార్డు మీద పెట్టే చవక అడాప్టర్లు దొరుకుతాయి. అవి పనిచెయ్యాలంటే ఆ ఎక్స్16 స్లాటుని నాలుగు ఎక్స్4లుగా విడదీసే బైఫర్కేషన్ సెట్టింగ్ బయాస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల పేజీ) ఉండాలి. అది లేని బోర్డులో నాలుగిట్లో ఒకటే కనిపిస్తుంది. స్విచ్ చిప్ ఉన్న అడాప్టరైతే బైఫర్కేషన్ అక్కర్లేదు, ధర మాత్రం చాలా రెట్లు.

రెండు సాకెట్ల (రెండు ప్రాసెసర్లు పట్టే) పాత వర్క్‌స్టేషన్లు సికింద్రాబాద్ సీటీసీ, చెన్నై రిచీ స్ట్రీట్ లాంటి కంప్యూటర్ బజార్ల నుంచి మన ఊళ్లకి వస్తుంటాయి. ఏడు స్లాట్లు చూసి సంబరపడతారు. రెండో సాకెట్‌లో ప్రాసెసర్ లేకపోతే దానికి కట్టిన స్లాట్లు, దాని పక్కన ఉన్న ర్యామ్ గూళ్లు పనిచెయ్యవు. ఏ స్లాటు ఏ సాకెట్‌దో బోర్డు మీదో మూత లోపలి స్టిక్కరు మీదో రాసి ఉంటుంది.

గ్రాఫిక్స్ కార్డు ఎక్స్16 నుంచి ఎక్స్8కి దిగితే జెన్ 4లో పెద్దగా తేడా రాదు. జెన్ 3 ఎక్స్4కి దిగితే మాత్రం వీడియో పనుల్లో స్పష్టంగా తెలుస్తుంది. కాబట్టి రెండో స్లాటు ఎక్స్8 అయితే నిశ్చింతగా వాడండి, చిప్‌సెట్ ఎక్స్4 అయితే అక్కడ క్యాప్చర్ కార్డో (బయటి వీడియోని లోపలికి తీసుకునేది) నెట్‌వర్క్ కార్డో పెట్టండి.

ఎస్ఎంపీఎస్: ఇక్కడే కాలుతుంది

పీసీఐఈ స్లాటు ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. 6 పిన్నుల వైరు ఇంకో 75, 8 పిన్నుల వైరు 150. కార్డు 200 వాట్లదైతే స్లాటు 75, ఒక 8 పిన్ను 150, మొత్తం 225, సరిపోయింది. 285 వాట్ల కార్డుకి రెండు 8 పిన్నులు కావాలి.

మొత్తం లెక్క ఇలా వెయ్యండి. ఐ9 13900కే లాంటి ప్రాసెసర్ డబ్బా మీద 125 వాట్లని ఉన్నా పని మీద 253 దాకా లాగుతుంది, ఆ పెద్ద అంకే తీసుకోండి. కార్డు 285. తిరిగే హార్డ్ డిస్కులు ఒక్కోటి 10 చొప్పున నాలుగుకి 40, బోర్డు, ర్యామ్, ఫ్యాన్లకి 60. మొత్తం 638. డిస్కులు తిరగడం మొదలెట్టే క్షణంలో ఒక్కోటి 20కి పైగా లాగుతుంది. గ్రాఫిక్స్ కార్డులు మిల్లీసెకన్ల పాటు రాసిన దానికన్నా ఎక్కువ లాగుతాయి. అందుకే లెక్క వచ్చింది ఎస్ఎంపీఎస్ శక్తిలో సుమారు 75 శాతం దాటకూడదు. దీనికి 850 వాట్లది కావాలి. 650ది పెడితే మెషీన్ ఆన్ అవుతుంది, మూడు రోజులు బాగానే నడుస్తుంది, రెండు గంటల రెండర్ ఎక్కడో మధ్యలో ఉండగా ఒక్కసారిగా ఆరిపోతుంది.

బ్రాండెడ్ పెట్టెల్లో ఎస్ఎంపీఎస్ మార్చాలంటే ముందు మదర్‌బోర్డు కరెంటు కనెక్టరు చూడండి. 24 పిన్నులుంటే మామూలు ఏటీఎక్స్‌కి ఆశ ఉంది. ఆరో, ఎనిమిదో, పదో పిన్నుల చిన్న కనెక్టరుంటే అది ఆ కంపెనీ సొంత పద్ధతి. అదే మోడల్‌కి వచ్చిన పెద్ద ఎస్ఎంపీఎస్ వెతుక్కోవాలి. స్టిక్కరు మీది పార్టు నంబరు ఫోటో తీసి పంపితే షాపువాళ్లు సరిగ్గా చూడగలరు, వాట్లు మాత్రం చెబితే సరిపోదు.

రెండు పనులు ఎప్పుడూ చెయ్యొద్దు. సాటా కరెంటు వైరు నుంచి 8 పిన్నులకి మార్చే చవక కనెక్టర్లు వాడొద్దు. సాటా కనెక్టరు 12 ఓల్టుల మీద ఇవ్వగలిగేది 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. దాని నుంచి 150 లాగితే ప్లాస్టిక్ కరిగి పొగ వస్తుంది. రెండోది, ఒక మాడ్యులర్ (వైర్లు ఊడదీయగల) ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన వైరుని ఇంకో ఎస్ఎంపీఎస్‌కి తగిలించొద్దు. ఒకే కంపెనీదైనా సరే. డిస్కు వైపు చివర అన్నిటికీ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం. బిగుతుగా, సరిగ్గా కూర్చుంటుంది, ఆన్ చెయ్యగానే 5 ఓల్టులు రావలసిన చోట 12 వచ్చి డిస్కు బోర్డు మాడిపోతుంది. పెళ్లి ఫుటేజీ ఉన్న డిస్కులు ఇలా పోతే తిరిగి తీయడం చాలా కష్టం. పాత ఎస్ఎంపీఎస్ తీసేస్తే దాని వైర్లన్నీ దానితోనే కట్టి పెట్టేయండి.

ర్యామ్ స్టిక్కరు చదవడం

టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ఎన్ని గూళ్లుంటే ఎన్ని నిండాయో కనిపిస్తుంది. ఖాళీ ఉంది కదా అని ఏదో ఒకటి తెచ్చి గుచ్చకూడదు. ఉన్న ర్యామ్ బయటికి తీసి స్టిక్కరు చూడండి. డీడీఆర్4 అయితే 2666వీ లాంటి వేగం పక్కన గీత తర్వాత ఒక అక్షరం ఉంటుంది. యూ అంటే మామూలుది. ఈ (E) అంటే, తప్పులు సరిదిద్దే ఈసీసీ ఉన్న అన్‌బఫర్డ్. ఆర్ అంటే రిజిస్టర్డ్. ఎల్ అంటే లోడ్ రెడ్యూస్డ్. ఆర్ ఉన్నచోట ఆర్ మాత్రమే పెట్టాలి. డీడీఆర్4లో యూకీ ఆర్‌కీ గాటు ఒకేచోట ఉంటుంది కాబట్టి గూట్లో చక్కగా దిగుతుంది, కానీ మెషీన్ బూట్ అవదు. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ చాలా చవగ్గా దొరుకుతుంది, ఐ7 బోర్డుకి అది పనికిరాదు. డీడీఆర్5లో గాటు చోటు మార్చారు, అది అసలు దిగనే దిగదు.

సంఖ్య కూడా ముఖ్యమే. మామూలు డెస్క్‌టాప్ బోర్డులకి రెండు చానెళ్లే (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారులు). గూళ్లు నాలుగున్నా, డీడీఆర్5లో నాలుగూ నింపితే వేగం పడిపోతుంది: రైజెన్ 7000లో నాలుగు ముక్కలకి కంపెనీ హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే. అందుకే 64 జీబీ కావాలంటే 16వి నాలుగు కాకుండా 32వి రెండు కొని, ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో గూట్లో, నాలుగో గూట్లో పెట్టండి. జియాన్ డబ్ల్యూ 3400, థ్రెడ్‌రిప్పర్ ప్రోలకి ఎనిమిది చానెళ్లు, వాటిలో ఎనిమిది ముక్కలూ ఒకే రకం ఉంటేనే అంత డబ్బు పెట్టిన ఫలితం దక్కుతుంది.

ఆపిల్ మెషీన్లు

మ్యాక్ స్టూడియోలో ర్యామ్ చిప్‌తోపాటే వస్తుంది, తర్వాత పెంచలేరు. లోపలి ఎస్ఎస్‌డీ గూట్లో ఉన్నా అది బజార్లో దొరికే ఎమ్.2 కాదు. 2023 మ్యాక్ ప్రోలో జెన్ 4 స్లాట్లు ఆరు ఖాళీగా ఇచ్చారు, రెండు ఎక్స్16, నాలుగు ఎక్స్8. క్యాప్చర్ కార్డులు, ఆడియో కార్డులు, ఎస్ఎస్‌డీ కార్డులు, నెట్‌వర్క్ కార్డులు పడతాయి. గ్రాఫిక్స్ కార్డు పనిచెయ్యదు, ర్యామ్ 192 జీబీకి మించదు. అంతకుముందరి 2019 ఇంటెల్ మ్యాక్ ప్రో ఎనిమిది స్లాట్లతో, 12 ర్యామ్ గూళ్లతో 1.5 టీబీ దాకా పెరిగేది. ఆపిల్ సిలికాన్ (ఆపిల్ సొంత చిప్) మెషీన్లు బయటి గ్రాఫిక్స్ డబ్బాలని కూడా ఒప్పుకోవు. పైన చెప్పిన ఆ కార్డులు మీ పనిలో లేకపోతే మ్యాక్ ప్రోకి అదనంగా పెట్టే డబ్బు వృథా, స్టూడియో చాలు.

కొనే రోజున పెట్టాల్సింది ర్యామ్ మీద. లోపలి ఎస్ఎస్‌డీ 1 టీబీ దగ్గర ఆపేసి, మిగిలిన డబ్బు బయటి నిల్వకి పెట్టండి.

లోపల పట్టనిది బయట పెట్టడం

బయటి డబ్బాలు తగిలించే థండర్‌బోల్ట్ పోర్టుల్లో 3, 4 రకాలు సెకనుకి 40 గిగాబిట్లు, 5 అయితే 80. యూఎస్‌బీ4 ఎన్‌వీఎంఈ డబ్బా నుంచి సెకనుకి 3 జీబీ దాకా వస్తుంది. 10 గిగాబిట్ యూఎస్‌బీ డబ్బా 1 జీబీ ఇస్తుంది, ఎడిటింగ్‌కి చాలావరకు ఇదే చాలు. 20 గిగాబిట్ అని రాసిన యూఎస్‌బీ 3.2 డబ్బాలు చాలా మ్యాక్‌లలో 10కే పరిగెడతాయి, వాటికి అదనపు డబ్బు పెట్టకండి.

అంతా కొని కేబుల్ దగ్గర దెబ్బ తింటారు. ఫోను చార్జరుతో వచ్చిన టైప్ సీ కేబుల్ అదే పోర్టులో దిగుతుంది, డేటా మాత్రం 480 మెగాబిట్లే, అంటే సెకనుకి 40 మెగాబైట్ల లోపు. కేబుల్ తల మీద మెరుపు గుర్తు, దాని పక్కన 3, 4, 5లలో ఒక అంకె ఉండాలి. అర మీటరు కేబుల్ వాడండి. రెండు మీటర్లు కావాలంటే 40 గిగాబిట్లు అని స్పష్టంగా రాసిన యాక్టివ్ కేబులే కొనండి.

సొంత అడాప్టరున్న డిస్కు డబ్బా ఎప్పుడూ కంప్యూటర్ ఉన్న యూపీఎస్ మీదే ఉండాలి. కంప్యూటర్ యూపీఎస్ మీద, డబ్బా గోడ ప్లగ్గు మీద ఉంటే, కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా డిస్కు మధ్యలో ఊడిపోతుంది. రాస్తున్న ఫైలు పోతుంది, ఒక్కోసారి డిస్కు మొత్తం ఫార్మాట్ అడుగుతుంది. ఆన్ చేసేటప్పుడు ముందు డబ్బా, డిస్కులు తిరిగాక కంప్యూటర్. ఆపేటప్పుడు తిరగేసి.

రెండు మెషీన్ల స్టూడియోలో డిస్కులన్నీ ఒకదానిలోనే పెట్టి 10 గిగాబిట్ కార్డులతో నేరుగా కలపండి, స్విచ్ అక్కర్లేదు. రెండింటిలోనూ కార్డు ఎక్స్4 స్లాటులో గుచ్చి, క్యాట్ 6ఏ కేబుల్‌తో కలపండి. ఒకదానికి ఐపీ 10.10.10.1, రెండోదానికి 10.10.10.2, సబ్‌నెట్ రెండింటికీ 255.255.255.0. గేట్‌వే, డీఎన్ఎస్ గళ్లు ఖాళీగా వదలండి, వాటిలో ఏదైనా రాస్తే ఇంటర్నెట్ ఈ దారిలో వెళ్లబోయి ఆగిపోతుంది. ఆ తర్వాత ఫోల్డరు షేర్ చేసి, రెండో మెషీన్‌లో 10.10.10.1 అని టైపు చేసి తెరవండి. సెకనుకి 1 జీబీ దగ్గర రావాలి. 110 మెగాబైట్ల దగ్గర ఆగితే పాత గిగాబిట్ దారిలోనే నడుస్తోందని అర్థం.

కరెంటు, చెమ్మ, ఊక బూడిద

కొత్త కార్డు పెట్టాక పాత యూపీఎస్ చాలదు. మీద రాసిన వీఏ కాదు, వాట్లు చూడండి. 600 వీఏది 360 వాట్లే ఇస్తుంది. పైన వేసిన 638 వాట్ల మెషీన్‌కి 1.5 కేవీఏ పైన, ప్యూర్ సైన్ వేవ్ ఉండాలి. చవక ఇన్వర్టర్ల చదరపు అలల మీద ఇప్పటి ఎస్ఎంపీఎస్‌లు కరెంటు మారిన క్షణంలో ఆగిపోతుంటాయి. చెరువుల ఏరేటర్లు తిరిగే ఫీడరు (కరెంటు లైను) మీదే మీ షాపు ఉంటే ఆన్‌లైన్ యూపీఎస్ తీసుకోవడం మేలు.

మల్టీమీటరుతో ఎర్తింగ్ చూడండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ 230 చుట్టూ, ఫేజుకీ ఎర్త్‌కీ దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 3 ఓల్టుల లోపు రావాలి. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే ఎర్త్ తెగిందని అర్థం. ఆ స్థితిలో బయటి డిస్కు డబ్బా కేబుల్ తగిలిస్తే పోర్టు పోతుంది. డెల్టాలో నేల తడి కాబట్టి ఎర్త్ బాగా దొరుకుతుంది, కానీ అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు నేలల్లో జీఐ పైపు తుప్పు పట్టి తెగుతుంది. ఏడాదికోసారి ఈ మూడు కొలతలూ తియ్యండి. ఉరుములొస్తే ప్లగ్గుతోపాటు నెట్‌వర్క్ కేబుల్ కూడా పీకాలి.

సముద్రం గాలి తగిలే ఊళ్లలో కార్డు బంగారు పిన్నుల మీద పొర పడుతుంది. ఉన్నట్టుండి కార్డు కనపడకపోతే బయటికి తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో పిన్నులు ఒకే వైపుకి తుడిచి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి గుచ్చండి. సగం సార్లు అంతటితో సర్దుకుంటుంది. రైసు మిల్లులు దగ్గరుంటే ఊక బూడిద ఫ్యాన్లలో చేరుతుంది. అది చెమ్మ పీల్చుకుని బోర్డు మీద పేస్టులా అంటుకుంటుంది, కాబట్టి ముందు ఫిల్టరు పదిహేను రోజులకోసారి దులపండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్క వేలితో పట్టుకోండి, గాలికి వేగంగా తిరిగితే బేరింగు పాడవుతుంది. రెండు కార్డులుంటే మధ్యలో ఒక స్లాటు ఖాళీ వదలాలి. అంటించి పెడితే పై కార్డు కింది కార్డు వేడి గాలినే పీలుస్తుంది. మే నెలలో ఏసీ లేని గదిలో అది వేగం తగ్గించుకుని, రెండు కార్డులూ కలిసి ఒకటిన్నర కార్డు పని చేస్తాయి.

పెట్టాక పరీక్ష

జీపీయూ-జెడ్ (GPU-Z) అనే ప్రోగ్రాంలో బస్ ఇంటర్‌ఫేస్ గడి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 1.1 అని చూపిస్తుంది, అది కరెంటు పొదుపు కోసం తగ్గడం. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి పరీక్ష నడిపితే అసలు తరం, అసలు లేన్లు బయటపడతాయి. ఎక్స్16 రావలసిన చోట ఎక్స్8 వస్తే కార్డు తీసి మళ్లీ గుచ్చండి, అప్పటికీ మారకపోతే కింది స్లాటులో ఏముందో చూడండి, రెండూ లేన్లు పంచుకుంటున్నట్టే.

తర్వాత మీ సొంత ప్రాజెక్టే గంటసేపు రెండర్ పెట్టండి. అయ్యాక ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ (WHEA-Logger) అనే పేరుతో ఉన్న వరసలు వెతకండి. ఒకటీ లేకపోతే సరే. ఈవెంట్ 17 వరసగా పడుతుంటే పీసీఐఈ దారిలో డేటా చెడి మళ్లీ పంపాల్సి వస్తోంది: రైజర్ కేబుల్ (స్లాటుకీ కార్డుకీ మధ్య పొడిగింపు వైరు) ఉంటే తీసేసి నేరుగా గుచ్చండి, లేదంటే బయాస్‌లో ఆ స్లాటుని ఒక తరం కిందికి దించి మళ్లీ గంట నడపండి. చివరగా మెషీన్ ఆపి ప్లగ్గు పీకి, కార్డుకి వచ్చే కరెంటు కనెక్టరుని వేళ్లతో పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ అంచు గోధుమరంగుకి తిరిగినా ఆ వైరు మార్చేదాకా రెండర్ పెట్టకండి.